మయ్యిత్ పక్కన అడిగే మాఫీ

గుంటూరులో ఉన్నవాళ్లకి నందివెలుగు అంటే ఒక రోడ్డు పేరు. పాత గుంటూరు దాటి తెనాలి వైపు పోయే రోడ్డు. నాకు మాత్రం నందివెలుగు అంటే ఒక దోస్తు ఇల్లు. ఇరవై ఏళ్లకు పైగా ఏ ఈద్ వచ్చినా ఆ ఇంట్లో సేమియా తాగకుండా నాకు ఈద్ అయింది లేదు. మొన్నటి రంజాన్ ఈద్ కి వెళ్లలేదు. వాడు లేడు కాబట్టి అని మీరనుకుంటారు. అది సగమే నిజం. ఆ ఇంటి దహలీజ్ దాటడానికి నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

వాళ్లది నూర్‌బాషాల ఇల్లు. తరాల నుంచీ దూది పని. వాళ్ల తాత భుజాన విల్లేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. వాడి నాటికి మిషన్ వచ్చింది, తెనాలిలో పరుపుల షాపు వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో చదివే సూరాలు తప్ప వాడి నోట ఇంకో భాష లేదు. నేనేమో ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, పద్యం కనబడితే చాలు చెమటలు పట్టినవాణ్ణి. షాపులో అమ్ముడుపోని పరుపు మీద నన్ను కూర్చోబెట్టి, పదాలు విడగొట్టి చదవడం నేర్పింది వాడే. తల నిండా దూది పోగులతో, చేతిలో నా పాఠం పుస్తకంతో. ఈరోజు నేను తెలుగులో రాసి బతుకుతున్నానంటే అందులో వాడి వాటా ఉంది.

బదులుగా నేను వాడికి చేసింది ఒకటే. ఉర్దూలో ఏ కాగితం వచ్చినా చదివి పెట్టడం. తెలుగు మాట్లాడే ముస్లిమింటికి ఉర్దూలో వచ్చే కాగితాలెన్ని? షాదీ రుఖా ఒకటి. నికానామా ఒకటి. అంతే. ఆ రెండోదాని గురించే నా గొడవంతా.

వాడి నికా 2004లో జరిగింది. నేను ఇద్దరు గవాహుల్లో ఒకణ్ణి. ఖాజీ సాహెబ్ ముందు కూర్చుని, మెహర్ పదిహేను వేలని నా చెవులతో విని, సియాహా మీద నా చేత్తో సంతకం చేశాను. కొన్నాళ్లకి వాడు ఆ కాగితం షాపుకి తెచ్చి, "ఒరేయ్, ఇందులో ఏం రాశారో చెప్పు" అన్నాడు. చదివాను. మెహర్ అన్న మాట పక్కన "మువజ్జల్" అని ఉంది.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఉర్దూలో ఇలా వినబడే మాటలు రెండున్నాయి. నడుమ అక్షరం ఐన్ అయితే వెంటనే ఇవ్వాల్సిన మెహర్. అదే వావ్ మీద హంజా అయితే తర్వాత ఇచ్చే మెహర్. ఒక్క అక్షరం తేడా. పలికేటప్పుడు మనలాంటివాళ్ల నోట ఆ తేడా కూడా ఉండదు. ఆ ఒక్క అక్షరంలో ఒక ఆడదాని హఖ్ ఇవాళ చేతికొస్తుందా, ఎప్పటికో వాయిదా పడుతుందా అన్నది తేలిపోతుంది. పెళ్లికూతురికి ఉర్దూ రాదు. పెళ్లికొడుక్కీ రాదు. ఇద్దరూ సంతకాలు చేశారు.

"తర్వాత ఇవ్వొచ్చంట" అన్నాను.

"తర్వాత అంటే ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

వాడు కాగితం మడిచి బీరువాలో పెట్టుకున్నాడు. ఆ "ఎప్పుడైనా" అన్నది నేను. వాడు కాదు.

వాడు చెడ్డవాడు కాదని చెప్పాలి. ఫజర్ కి లేచి పొయ్యి వెలిగించి భార్యకి చాయ్ పెట్టి ఇచ్చే మొగాణ్ణి నేను మా వాళ్లలో వాణ్ణొక్కణ్ణే చూశాను. "రోజంతా అది నిలబడే ఉంటది గదరా, పొద్దున ఒక్క పది నిమిషాలు కూర్చోనీ" అనేవాడు. పిల్లలకి జ్వరమొస్తే షాపు మూసేవాడు. వాడు భార్య మీద చెయ్యెత్తడం గానీ, నలుగురిలో గొంతు పెంచడం గానీ నేనెన్నడూ ఎరగను. ఇలాంటివాడు కూడా ఇరవై ఏళ్లలో పదిహేను వేలు తీసి భార్య చేతిలో పెట్టలేదు. "ఇల్లంతా దానిదే గదా, మళ్లీ మెహరేంటి?" అని నవ్వేవాడు. మంచివాళ్లే ఇలా ఉంటే ఇక మిగతావాళ్ల గురించి చెప్పేదేముంది?

పోయిన చలికాలం ఒక తెల్లవారుజామున గుండె ఆగిపోయింది. నలభై అయిదు దాటలేదు. ఫోన్ రాగానే నేనూ మా ఇంటావిడా బయల్దేరాం. వెళ్లేసరికి వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గుసుల్ కి కాగుతున్న నీళ్లు. రోడ్డు పక్క చేలల్లో మినుము పచ్చగా ఉంది. వాడు మాత్రం తెల్లటి కఫన్ లో.

జొహర్ తర్వాత జనాజా నమాజ్ అని చెప్పారు. నమాజుకి ముందు మన దగ్గర ఒక మంచి రివాజ్ ఉంది. మయ్యిత్ తాలూకు వాళ్లెవరో ముందుకొచ్చి, పోయినాయన ఎవరికైనా బాకీ ఉంటే మాకు చెప్పండి, మేం తీరుస్తాం అని ప్రకటిస్తారు. వాడి పెద్దన్న లేచి ఆ మాటే అన్నాడు. గొంతు పూడుకుపోయింది పాపం. సఫ్ ల్లో నిలబడ్డ మొగవాళ్లందరం తలలూపాం. దూది వ్యాపారి ఒకాయన తర్వాత వచ్చి ఏడు వేలో ఎనిమిది వేలో రావాలని చెప్పాడట. వారం తిరక్కుండా ఇచ్చేశారు. మాషా అల్లాహ్, మంచి పని.

ఇప్పుడు దానికి గంట ముందు లోపల ఏం జరిగిందో వినండి. జనాజా ఎత్తడానికి నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నా, కాబట్టి కొంత నేనే విన్నాను. మిగతాది మా ఇంటావిడ చెప్పింది. చెల్లెమ్మని ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని మయ్యిత్ దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె నిలబడే స్థితిలో లేదు. ఒక పెద్దామె చెవి దగ్గర, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా. ఆయన రూహ్ కి తేలికవుద్ది" అంది. ఇంకో ఆమె, "చెప్పు తల్లీ, అవతల నమాజుకి టైమవుతుంది" అంది. మూడోసారికి ఆమె పెదాలు కదిలాయి. "ఆఁ, మాఫ్ చేసింది" అని ఒకామె బయటికి కేకేసి చెప్పింది. అప్పుడు మేం జనాజా భుజానికెత్తుకున్నాం.

బయట మొగవాళ్ల ముందు, బాకీ ఉన్నవాళ్లు రండి, తీరుస్తామని ప్రకటన. లోపల, అన్నిటికంటే పాత బాకీ రావాల్సిన మనిషి చేత, ఒళ్లు తెలియని వేళ, వద్దు అనిపించడం. దూది వ్యాపారి దగ్గరికెళ్లి, "మాఫ్ అనండి సేఠ్, రూహ్ కి తేలికవుద్ది" అని ఎవరైనా అడిగారా? అడగరు. అడిగితే మర్యాదగా ఉండదు. మర్యాద వ్యాపారికే గానీ భార్యకి లేదు.

నేను గవాహ్ ని. ఆ మెహర్ ఉందని, తీరలేదని ఆ గుంపులో ఖచ్చితంగా తెలిసిన మనిషిని. తలుపు దగ్గరే ఉన్నా. ఒక్క మాట అనలేదు. సంతకం చేసేటప్పుడు బాగా తిరిగిన చేయి, నోరు విప్పాల్సినప్పుడు పనికిరాలేదు.

దీన్ ఏం చెప్తుందో ఒకసారి చూద్దాం. మెహర్ బక్షీస్ కాదు. మొగుడి దయ కాదు. ఖుర్ఆన్ లో సూరె నిసా నాలుగో ఆయత్ మెహర్ ని ఆడవాళ్లకి మనస్ఫూర్తిగా ఇమ్మంటుంది. వాళ్లు తమంతట తాము, సంతోషంగా కొంత వదులుకుంటేనే మీరు తీసుకోవచ్చంటుంది. తమంతట తాము. సంతోషంగా. మయ్యిత్ పక్కన ఆ రెండిట్లో ఏది ఉంది? అదే సూరాలో విరాసత్ వాటాలు చెప్పే ఆయత్ లు ప్రతి వాటా దగ్గరా ఒక షరతు పెడతాయి. వసియ్యత్, అప్పు తీర్చిన తర్వాతే పంపకం అని. ఇవ్వని మెహర్ ఆ అప్పుల్లో ఒకటి. దూది వ్యాపారి బాకీ ఎంత ఖర్జో ఇదీ అంతే ఖర్జ్. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసియ్యత్, ఆ మిగిలింది వారసులకి. నా దోస్తుకి తల్లి ఉంది, భార్య ఉంది, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లికి ఆరో వంతు, భార్యకి ఎనిమిదో వంతు, మిగతాది పిల్లలకి, కొడుక్కి రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక్కో పాలు. ఆ ఎనిమిదో వంతు మెహర్ కి బదులు కాదు. మెహర్ తీసి పక్కన పెట్టాక లెక్కించేది.

అప్పున్న మయ్యిత్ విషయంలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఏం చేశారో మనం బయాన్ లలో చిన్నప్పటి నుంచీ విన్నదే. ఒక జనాజా తెస్తే, అప్పు ఉందా అని అడిగారు. మూడు దీనార్లు ఉందన్నారు. అయితే మీ సాథీ నమాజ్ మీరే చదువుకోండి అన్నారు. అప్పుడు అబూ ఖతాదా రజియల్లాహు అన్హు ఆ అప్పు నా మీద వేసుకుంటానన్నాకే నమాజ్ చదివించారు. ఈ రివాయత్ లో గమనించాల్సిందేమిటంటే, అప్పు ఇచ్చినవాడి దగ్గరికెళ్లి మాఫ్ చేయమని ఎవరూ అడగలేదు. ఒక సాథీ లేచి నేనిస్తానన్నాడు. జనాజా దగ్గర దోస్తు చేయాల్సిన పని అది. ఆ పూట మా వరసలో అబూ ఖతాదాని గుర్తు చేసుకున్నవాడు ఒక్కడూ లేడు. నాతో సహా.

కోర్టు సంగతి కూడా చెప్తా. మన షరీఅత్ కి కోర్టులు అడ్డం వస్తాయని అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. నూరున్నీసా కేసులో కలకత్తా హైకోర్టు 1920లోనే, భర్త చనిపోయిన దుఃఖంలో ఉన్న భార్య మెహర్ వదులుకున్నానంటే అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదని, ఆ మాట ఆమెని కట్టిపడేయదని తేల్చింది. వందేళ్ల కిందటి మాట. మన వాకిళ్లలోకి ఇంకా రాలేదు. ఇంకోటి. భర్త ఆస్తి చట్టబద్ధంగా బేవా స్వాధీనంలో ఉంటే, మెహర్ చెల్లించేదాకా ఆమె దాన్ని వారసులకి వదలక్కర్లేదు. ఆ ఆస్తి ఆమె సొంతమైపోదు, అమ్మే హఖ్ రాదు గానీ, బాకీ తీర్చకుండా ఆమెని లేపడానికి లేదు. మైనా బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి నిలబడ్డ సూత్రం ఇది. మన ఆడపిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు? చెప్పాల్సింది ఎవరు?

ఈ మాట పెద్దల ముందు తెస్తే ఏమంటారో నాకు తెలుసు. ఎందుకంటే తెచ్చాను. ఒక్కొక్కటే చూద్దాం.

"ఏడుపుల మధ్య డబ్బు మాట ఎత్తుతారా?" అంటారు. భాయ్, ఎత్తింది మీరే గదా! మాఫ్ అనమన్నది డబ్బు మాట కాదా? ఇవ్వాలంటే డబ్బు మాట, ఎగ్గొట్టాలంటే దీన్ మాటా?

"పోయినవాడి ఆఖిరత్ కోసమే" అంటారు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ఆ పెద్దామెకి చెల్లెమ్మ మీద పగేం లేదు. పోయిన బిడ్డ ఖబర్ లో అప్పుతో నలుగుతాడేమోనని నిజంగానే భయపడింది. ఆ భయం గౌరవించాల్సిందే. కానీ అప్పు తీరే దారి ఒకటుంది. తీర్చడం. వాకిట్లో వాడి బండి ఉంది. షాపులో సరుకుంది. సొంత అన్నదమ్ములు ఇద్దరున్నారు. ఇన్ని ఉండగా, ఏమీ మిగలని మనిషి దగ్గరికే చేయి చాపడం రూహ్ మీద ప్రేమా, జేబు మీద ప్రేమా? బలవంతాన పెదాలు కదిలించి తీసుకున్న మాఫీతో అల్లాహ్ దగ్గర లెక్క సరిపోతుందని ఎవరు చెప్పారు?

"పదిహేను వేలకి ఇంత రాద్ధాంతమా?" అంటారు. ఇది విన్నప్పుడే నాకు ఎక్కువ మండింది. 2004లో పది గ్రాముల బంగారం ఆరు వేల చుట్టూ ఉండేది. పదిహేను వేలంటే దాదాపు పాతిక గ్రాములు. ఇప్పుడు పది గ్రాములు లక్ష దాటింది. అదే పదిహేను వేలకి గ్రామున్నర కూడా రాదు. పాతిక గ్రాములు గ్రామున్నర అయ్యేదాకా కూర్చుని, ఇంత చిన్న మొత్తానికి గొడవేంటని అడగడం మన తెలివి. సరే, ఆ చిన్న మొత్తం ఇచ్చేయడానికి ఏం అడ్డమొచ్చింది? నలభయ్యో రోజు చెహ్లుం కి దేగుల్లో బిర్యానీ వండించారు. రెండు వందల మందికి దస్తర్ ఖాన్ వేశారు. ఆ డబ్బు షాపు గల్లాలోంచి వచ్చింది. అందులో బేవా బాకీ ఉంది, ఇంకా పెద్దదవ్వని చిన్నకూతురి వాటా ఉంది. యతీముల సొమ్ము అన్యాయంగా తినేవాళ్ల గురించి అదే సూరె నిసా ఏం చెప్తుందో తలుచుకుంటే ముద్ద గొంతు దిగదు. నేనూ ఆ దస్తర్ ఖాన్ మీద కూర్చున్నా. దాచను.

ఇంకొకటి కూడా గుర్తు చేయాలి. ఆ పెళ్లిలో జోడేకీ రఖం అరవై వేలు. దానిపైన బండి, మంచం, బీరువా. ఆ అరవై వేలు నికాకి వారం ముందే లెక్కపెట్టి తీసుకున్నారు. అందులో మువజ్జల్ అన్న మాట లేదు, ఎప్పుడైనా అన్న మాట లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం నేరం. అదే చట్టం, ముస్లిముల మెహర్ మాత్రం కట్నం కిందికి రాదని విడిగా చెప్పింది. దీన్ లో లేనిది, చట్టంలో నేరమైనది మనకి నగదు. దీన్ లో ఫర్జ్ అయినది, చట్టం కాపాడినది మనకి అరువు. బర్కత్ కోసమని మెహర్ 786 రూపాయలు రాయించిన నికాలు కూడా చూశాను. హనఫీ ఫిఖ్‌లో మెహర్ పది దిర్హమ్ ల కంటే తగ్గకూడదు. అంటే దాదాపు ముప్ఫై గ్రాముల వెండి. ఈరోజు ధరకి 786 రూపాయలకి అంత వెండి ఎవరిస్తారు? మెహరె ఫాతిమీ అని గొప్పగా చెప్పుకునేది ఉలమా లెక్కలో 131 తులాల పావు వెండి, సుమారు కిలోన్నర. ఆ పేరు వాడుకునేటప్పుడు తూకం కూడా గుర్తుండాలి.

చివరి మాట ఒకటి అంటారు, గొంతు తగ్గించి. "బయటివాళ్లు మన ఇళ్ల మీద వేలెత్తడానికి కాచుక్కూర్చున్న రోజులివి. నువ్వే రాస్తే ఎలా?" ఈ భయం నాకూ ఉంది. పేపర్లో పనిచేసేవాణ్ణి, ముస్లిం ఆడవాళ్ల మీద ఉన్నట్టుండి పుట్టుకొచ్చే జాలి ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉన్నా. కానీ మెహర్ బయటివాళ్లు మనకి నేర్పింది కాదు. మన కితాబ్ లో మన కోసం వచ్చింది. దాన్ని మనం పాటిస్తే వేలెత్తేవాడికి చోటే ఉండదు. పరువు కోసం హఖ్ ని చాప కింద దాస్తే, ఆ చాప మీద కూర్చునేది ఎప్పుడూ ఆడవాళ్లే.

ఇక నా ఇంటి సంగతి. ఇది రాయకపోతే పై మాటలన్నిటికీ విలువ లేదు.

దఫన్ అయిన రాత్రి ఇంటికొచ్చి, తిండి సహించక వంటింట్లో స్టూలు మీద కూర్చున్నా. ఆవిడ గిన్నెలు సర్దుతోంది.

"నీ మెహర్ ఎంత?" అన్నా.

వెనక్కి తిరగలేదు. "పదకొండు వేలు. మీరు మాఫ్ చేయించుకున్నారు గదా."

"నేనా? ఎప్పుడు?"

"మొదటి రాత్రే. మీ ఫుప్పూ మీకు చెప్పి పంపింది, మా అమ్మీ నాకు చెప్పి పంపింది. మీరు అడిగారు, నేను తలూపాను." గిన్నె బోర్లించి అప్పుడు నా వైపు చూసింది. "నాకు పంతొమ్మిదేళ్లు. ఆ గదిలో మీరెవరో కూడా నాకు సరిగ్గా తెలీదు. ఊపకపోతే ఏమవుద్దో అని ఊపాను."

నాకు ఆ సంగతి గుర్తే లేదు. ఇన్నేళ్ల సంసారం. ఉప్పు ఎక్కువైతే గుర్తుంది, ఏ ఈద్ కి ఏ షర్టు కుట్టించుకున్నానో గుర్తుంది. ఒక మనిషి హఖ్ ని తలూపించి తీసేసుకున్నది గుర్తు లేదు. ఆవిడకి మాత్రం అక్షరం పొల్లుపోలేదు. తీసుకున్నవాడు మర్చిపోతాడు, పోగొట్టుకున్నవాళ్లు మర్చిపోరు.

మయ్యిత్ పక్కన అడిగే మాఫీ, మొదటి రాత్రి అడిగే మాఫీ ఒకటే జాతి. ఒకచోట ఆడపిల్ల కొత్త భయంలో ఉంటుంది, ఇంకోచోట బేవా దుఃఖంలో ఉంటుంది. వద్దు అనలేని రెండు వేళలు చూసి మరీ అడుగుతాం. మధ్యలో ఇరవై ఏళ్లు, మంచిగా ఉన్న ఏ పొద్దునో చాయ్ తాగుతూ, "నీ మెహర్ ఇస్తాను, తీసుకుంటావా?" అని అడగం. అడిగితే తీసుకుంటానంటుందేమోనని.

ఆ తర్వాతి నెల చీటీ పాడాను. మొదట పదకొండు వేలే తీసి పెట్టుకున్నా. తర్వాత ఆ ఏడాది బంగారం లెక్క వేసి చూసుకుని సిగ్గేసి, మూడు నెలల్లో తీరేలా మిగతాది కలిపి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. సంతోషమని చెప్పలేదు, షుక్రియా అని కూడా అనలేదు. అప్పు తీరిస్తే షుక్రియా ఎవరు చెప్తారు? ఆ డబ్బు ఏం చేసిందో నేను అడగలేదు. అడిగే హఖ్ నాకు లేదు.

చెహ్లుం అయ్యాక నందివెలుగులో నలుగురు పెద్దల ముందు మాట్లాడాను. నేను గవాహ్ ని, మెహర్ తీరలేదు, ఆ రోజు అన్నది మాఫీ కాదు అన్నాను. వాడి అన్నలు నొచ్చుకున్నారు. "ఇన్నాళ్ల దోస్తీకి ఇదా నువ్వు చేసేది?" అన్నాడు పెద్దన్న. దోస్తీ కాబట్టే అన్నాను. ఆఖరికి, ఆమెనే అడుగుదాం, మాఫ్ చేశానంటే నువ్వు నోరు మూసుకోవాలన్నారు. ఒప్పుకున్నా.

చెల్లెమ్మ ఇద్దత్ లో ఉంది. నాలుగు నెలల పది రోజులు. తలుపు అవతల కూర్చుంది, మేం వరండాలో. మధ్యలో పరదా. వాడి కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు, నిలబడ్డ తీరంతా వాళ్ల నాన్నే. పెద్దన్నే అడిగాడు. "అమ్మా, ఆ రోజు మెహర్ మాఫ్ చేశావు గదా?"

చాలాసేపు మాట రాలేదు. తర్వాత పరదా వెనక నుంచి, "అన్నయ్యా, ఆ రోజు నేనేమన్నానో నాకు గుర్తు లేదు" అంది.

అంతే. ఇంకేం అనలేదు. ఇమ్మనలేదు, వద్దనలేదు. కలకత్తా జడ్జీలు ఎన్నో పేజీల్లో రాసింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. గుర్తు లేని మాట మాఫీ ఎలా అవుతుంది? పెద్దలు తలలు దించుకున్నారు. కుర్రాడు మాత్రం నా వైపు తిరిగి, "చిచ్చా, ఎంత?" అన్నాడు. చెప్పాను.

వాళ్ల నాన్న బండి అమ్మి ఇస్తానంటున్నాడు. పెదనాన్నలు ఇంకా ఒప్పుకోలేదు. పెళ్లినాటి బండి ఏనాడో పోయింది, ఇది వాడు తర్వాత కష్టపడి కొనుక్కున్నది. అది అమ్మితే చుట్టాల్లో నామోషీ అంటున్నారు. ఈ రాత రాసేనాటికి విషయం అక్కడే ఉంది. ఎవరూ ఇవ్వకపోతే నేనిస్తానని చెప్పాను. ఆ మాట అనాల్సిన చోటు జనాజా సఫ్. కొన్ని నెలలు ఆలస్యంగా వరండాలో అన్నాను.

ఇక మీకు నేను చెప్పేవి నాలుగే.

మసీదు కమిటీల్లో ఉన్న పెద్దలారా, నమాజుకి ముందు బాకీల ప్రకటన చేసేటప్పుడు ఇంకొక్క వాక్యం కలపండి. "మెహర్ తీరిందా? తీరకపోతే వారిసులు తర్కాలోంచి ముందు అది ఇవ్వండి." ఆ వాక్యం బయట మొగవాళ్లకి వినబడితే, లోపల ఆడవాళ్లని ఎవరూ రెక్క పట్టుకుని లాక్కురారు.

ఖాజీ సాహెబ్ లారా, తెలుగు మాట్లాడే ఇళ్లలో నికా చదివించేటప్పుడు సియాహా ఉర్దూతో పాటు తెలుగులోనూ రాయండి. "వెంటనే", "తర్వాత" అని విప్పి రాయండి. తర్వాత అయితే తారీఖు వేయండి. ఖుర్ఆన్ లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ అప్పుని గడువుతో సహా రాసి పెట్టుకోమని చెప్పేదే. గడువు లేని అప్పు ఎవరి దగ్గర చెల్లుతుంది, భార్య దగ్గర తప్ప?

ఆడపిల్లల తల్లిదండ్రులారా, మెహర్ ని రూపాయల్లో కాకుండా బంగారంలోనో వెండిలోనో రాయించండి. తక్కువైనా ఫర్వాలేదు, నికా రోజే చేతికివ్వగలిగినంత రాయించండి. మొదటి రాత్రికి పంపేటప్పుడు కూతురికి మీరు చెప్పాల్సింది, మాఫ్ అనమని కాదు. మాఫ్ అనక్కర్లేదని.

గవాహులుగా సంతకాలు చేసే దోస్తులారా, సంతకం షాదీ రోజుతో అయిపోయే పని కాదు. ఆ కాగితంలో ఉన్న హఖ్ తీరేదాకా మీరు గవాహులే. మీ దోస్తు బతికుండగానే, వాడి షాపులో కూర్చుని చాయ్ తాగుతూ, "ఇచ్చావా?" అని అడగండి. వాడు నవ్వుతాడు. మళ్లీ అడగండి. "తర్వాత అంటే ఎప్పుడు?" అని వాడు అడిగితే, నాలాగా చెప్పకండి. "ఇవాళ" అని చెప్పండి.